ఆకాశమార్గమునకు అడ్డుగోడలు

ఇరువది సంవత్సరములకు పూర్వము నేను ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమున ఉపాధ్యాయశిక్షణ పొందుచుండిన దినములలో, సాయంకాలమున తరగతులు ముగిసిన పిమ్మట మిత్రులము కొందఱము ఆర్ట్సు కళాశాల మెట్లమీద కూర్చుండి మఱునాటి పాఠములకు వలసిన పథకములను వ్రాసికొనుచుండెడివారము. అప్పటికి బేగంపేట విమానాశ్రయమే మన నగరమునకు ఆకాశద్వారమై యుండెను. వానకాలమున పడమటి గాలి వీచునప్పుడు విమానములు తూర్పునుండి వచ్చి, మాకు ఉత్తరముగా సికిందరాబాదు మిద్దెలపై క్రమక్రమముగా దిగి, పడమట మఱుగగుచుండెను. వానిని లెక్కించుట మాకొక వేడుక. ఆ విమానమును నడపువాడు క్రిందనున్న మమ్ము గూర్చియు మా యిండ్లను గూర్చియు నేమి తలంచుచుండునో యని మాలో నొక్కరికిని తోచలేదు.

2008వ సంవత్సరము మార్చి 23వ తేదీన శంషాబాదు విమానాశ్రయమునుండి రాకపోకలు మొదలై, బేగంపేటలో ప్రయాణికుల విమానములు నిలిచిపోయెను. నాటినుండి తార్నాక నివాసులమైన మాకు ఆకాశమంతయు మాదే యైనట్లు తోచినది. రెండంతస్తుల పాత యిండ్లు పడగొట్టబడి అపార్టుమెంటులు లేచినవి. అపార్టుమెంటుల మీద టవరులు లేచినవి. తార్నాక యను పేరు తార్, నాకా యను రెండు మాటలవలన నేర్పడినదని పెద్దలు చెప్పుదురు. తార్ అనగా తీగ, నాకా అనగా కావలిచౌకి. పూర్వమొక తోటచుట్టును తీగకంచె వేసి కావలి యుంచుటచేత ఆ పేరు వచ్చెనట. నేడు తోటయు లేదు, తీగయు లేదు. కాని కంటికి కనబడని కంచె యొకటి మా మిద్దెలపై ఇంకను గలదని మాలో చాలమంది యెఱుగరు.

ఏలయన, బేగంపేట విమానాశ్రయము మూతపడలేదు. ప్రయాణికుల విమానములు మాత్రమే అక్కడనుండి పోయినవి. వాయుసేన విమానములును, ప్రముఖుల విమానములును నేటికిని అచట దిగుచున్నవి. వింగ్స్ ఇండియా యను విమాన ప్రదర్శనమును అచటనే జరుగుచున్నది. ఆర్ట్సు కళాశాలనుండి ఆ రన్వేకు పక్షి యెగురు దారిని ఏడెనిమిది కిలోమీటర్ల కంటె నెక్కువ లేదు. ఉత్తరమున హకీంపేట వాయుసేనా స్థావరము కలదు. భారతప్రభుత్వము 2015లో చేసిన నియమముల ప్రకారము విమానాశ్రయపు కేంద్రబిందువునకు 20 కిలోమీటర్ల వఱకు కట్టడముల ఎత్తునకు హద్దు కలదు. కావున తార్నాకలో ఎత్తైన భవనము కట్టదలచువానికి ఆకాశమును అనుమతి యీయవలెను.

ఈ సంగతి నాకు ఎట్లు తెలియవచ్చెనో చెప్పుట నాకు గౌరవము కాదు, అయినను చెప్పవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మా వీధికి సమీపమున నొక యెత్తైన భవనము కట్టుటకు ఏర్పాటు జరుగుచుండెను. కట్టించువారి మనుష్యుడు మా నివాసుల సంఘమునకు వచ్చి, తమకు అభ్యంతరము లేదని మేమందఱము సంతకములు చేసినచో వీధికి కొత్త రోడ్డు వేయింతుమనెను. మాలో నొక వృద్ధుడు కలడు. ఆయన తన యౌవనమంతయు విమానములు నడపుటలోను, ఇతరులకు నడపుట నేర్పుటలోను గడపినవాడు. ఆయన లేచి, “అనుమతి వచ్చినదా లేదా యని నేనడుగుటలేదు. ఆ యెత్తు గూర్చి విమానము నడపువారిని ఎవరైన నడిగిరా యని యడుగుచున్నాను” అనెను. ఒకరు నవ్వి, “విమానములు శంషాబాదునకు పోయినవి గదండీ” యనిరి. తక్కినవారును నవ్విరి. నేనును నవ్వి సంతకము చేసితిని. ఆయన యొక్కడే చేయలేదు.

ఆ భవనము నేడు లేచి నిలిచియున్నది. అది చట్టము మీఱినదని నేననను. కావలసిన అనుమతులన్నియు దానికి గలవనియే వింటిని. నా తప్పు వేఱు. తెలిసినవాడు ఒక ప్రశ్న వేయగా, ఆ ప్రశ్న యేమో విననైన వినక, తెలియనివారితో గూడి నవ్వితిని. బోధకవృత్తిలో నున్నవానికి ఇంతకంటె సిగ్గుపడదగిన దేమి గలదు?

తరువాత 2025వ సంవత్సరము జూన్ 12వ తేదీన అహమ్మదాబాదునుండి లండనునకు బయలుదేరిన ఎయిరిండియా విమానము లేచిన కొలదిసేపటిలోనే బి.జె. వైద్యకళాశాల వసతిగృహముపై కూలెను. విమానములోని 242 మందిలో ఒక్కడు మాత్రమే బ్రదికెను. క్రిందనున్నవారిలో 19 మంది చనిపోయిరి. మొత్తము 260 ప్రాణములు పోయెను. అది మధ్యాహ్న భోజనసమయము. భోజనశాలలో సగము తిని విడిచిన కంచముల చిత్రములను పత్రికలలో చూచి, ఉస్మానియా వసతిగృహములలో అట్టి కంచములయెదుట కూర్చుండిన నా దినములు జ్ఞప్తికి వచ్చి, ఆ సాయంకాలము నేను ఆ వృద్ధుని యింటికి పోయితిని.

ఆయన నన్ను దెప్పలేదు. “మాస్టరుగారూ, మొదట ఒక మాట. ఆ వసతిగృహము విమానమును పడద్రోయలేదు. అట్లు ఎవరన్నను నమ్మవలదు. అయితే విమానము పోవుదారి చివర ఏమి కట్టుచున్నామో యను విచారము ఇట్టి దినమునకు ముందే యుండవలెను గాని, తరువాత కాదు” అనెను. పిమ్మట ఒక కాగితము తీసికొని, ఎనిమిదవ తరగతి బాలునికి చెప్పినట్లు నాకు లెక్క చెప్పెను. ఆ లెక్కను మన విద్యార్థులకును చెప్పుచున్నాను.

పెద్ద విమానములు దిగు రన్వే చివరనుండి ఆకాశమున ఒక వాలుతలమును ఊహింపుడు. అంతర్జాతీయ నియమముల ప్రకారము ఆ తలము మొదట 50కి 1 చొప్పున లేచును. అనగా 3,000 మీటర్ల దూరమున దాని యెత్తు 60 మీటర్లు. అంతస్తుకు 3 మీటర్లనుకొన్నచో అది ఇరువది యంతస్తులు. రన్వేకు ప్రక్కల నాలుగు కిలోమీటర్ల వఱకు 45 మీటర్ల యెత్తున మఱియొక తలము కప్పువలె పఱచియుండును. ఈ తలములను దాటి ఏదియు పైకి రాకుండుట మేలు. ఇక దిగు విమానము సాధారణముగా 3 డిగ్రీల వాలున వచ్చును. 3,000 మీటర్ల దూరమున అది 150 మీటర్లకు పైగా ఎత్తున నుండును. 60 మీటర్ల భవనమునకును దానికిని నడుమ 90 మీటర్లకు మించిన ఖాళీ కలదు. దీనిని చూచి కట్టించువాడు, “ఇంత చోటుండగా నాకు ఇంకొక నాలుగంతస్తులు ఈయరాదా?” యనును. వినుటకు న్యాయముగనే యున్నది.

కాని యది మంచిదినపు లెక్క. చెడ్డదినపు లెక్క వేఱు. రెండు ఇంజనుల విమానము నిండుబరువుతో లేచునప్పుడు ఒక ఇంజను ఆగిపోయిన దనుకొనుడు. అట్టి స్థితిలో అది 100కి 2.4 చొప్పున ఎక్కగలిగిన చాలునని నియమము. 3,000 మీటర్ల దూరమునకు అది 72 మీటర్లు. అడ్డంకులను దాటు లెక్క వేయునప్పుడు జాగ్రత్త కొఱకు ఆ 2.4 నుండి 0.8 తీసివేయుదురు, మిగిలినది 1.6, అనగా 48 మీటర్లు! సాధారణముగా విమానము రన్వే ముగియకముందే నేల విడుచును గనుక కొంత మిగులు ఉండును. మిగులు చాలనిచోట బరువు తగ్గింతురు, లేదా మఱియొక వైపునకు మఱలుదురు. కావున ఎత్తైన భవనము లేచిన మఱునాడే విమానము దానికి కొట్టుకొనునని యెవరును చెప్పరు. ఆ భవనము చేయునదేమన, వైమానికునికి ఆపదవేళ కొఱకు దాచియుంచిన చోటును కొంచెము కొంచెముగా తినివేయును. ఒక భవనము కొంత తినును, దాని ప్రక్కది మఱికొంత తినును. మిగులు తఱిగినదని మంచిదినమున ఎవరికిని తెలియదు.

నేను చెప్పదలచిన మాట ఇదియే. అనుమతి యిచ్చువాడును, కట్టించువాడును, ఇల్లు కొనువాడును మంచిదినమును చూచి లెక్కలు వేయుదురు. చెడ్డదినమును గూర్చి మాటలాడువాడు వైమానికు డొక్కడే. ఆ దినమున ఆ చోట నుండవలసినవాడు అతడే గనుక. కావున అతని అభ్యంతరమును వ్యాపారమునకు అడ్డు చెప్పు గొణుగుడుగా నెంచక, సాక్ష్యముగా నెంచవలెను. ఆ సాక్ష్యమును పునాది తీయకముందే వినవలెను.

వినుట ఆలస్యమైన యేమగునో తెలుపు ఉదాహరణములు కలవు. అమెరికాలోని శాన్ డియేగో నగరమున మాంట్గమరీ ఫీల్డ్ అను చిన్న విమానాశ్రయము కలదు. దానికి సమీపమున ఒక సంస్థ 180 అడుగుల భవనము కట్టసాగెను. 160 అడుగులు మించినచో విమానములకు అపాయకరమని 2006లో ఆ దేశపు విమానయాన శాఖ తేల్చెను. వైమానికులును వారి సంఘమును గట్టిగా ఎదిరించిరి. అయినను కట్టడము సాగెను. తుదకు నగరపు న్యాయవాది వ్యాజ్యము వేయగా, 2007లో పైభాగమును 20 అడుగులు తీసివేసి 160 అడుగులకు తగ్గింపవలసివచ్చెను. కట్టుటకు ఖర్చు, తీయుటకు ఖర్చు, వ్యాజ్యమునకు ఖర్చు! మొదటనే విన్నచో కలముతో కొట్టివేయదగినదానిని సుత్తెతో కొట్టివేయవలసివచ్చెను.

మన దేశమున బొంబాయి సంగతి ఇంతకంటె కష్టము. అచటి విమానాశ్రయము చుట్టును హద్దు మించి లేచిన కట్టడములను గూర్చి ఒక న్యాయవాది ప్రజాహిత వ్యాజ్యము వేయగా, 2022లో ఉన్నత న్యాయస్థానము 48 కట్టడములలో ఎత్తు మించిన భాగములను తొలగింపవలెనని ఆజ్ఞాపించెను. ఆ పై యంతస్తులలో నున్నది కట్టించి లాభము పొందినవాడు కాదు. అప్పు చేసి ఇల్లు కొనుకొన్న సంసారి. ఆలస్యముగా వచ్చు న్యాయము తఱచుగా తప్పు చేయనివాని నెత్తినే పడును.

అపాయకరమైన కట్టడము పరులు కట్టినదే కానక్కరలేదు. 2024వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన దక్షిణకొరియాలోని ముఆన్ విమానాశ్రయమున పక్షులు తగిలిన ఒక విమానము చక్రములు దించకయే నేలపై జారుచు రన్వే దాటిపోయి, మార్గసూచక యంత్రమును నిలుపుటకై విమానాశ్రయమువారే కట్టిన కాంక్రీటు గల గట్టును ఢీకొనెను. 181 మందిలో 179 మంది మరణించిరి. ఆ గట్టు మంచి పనికే కట్టబడినది; మంచిదినమున అది ఎవరికిని అపకారము చేయలేదు.

సాక్ష్యమును విన్న దేశములును కలవు. న్యూజిలాండులోని వెల్లింగ్టను నగరమున రన్వేను పొడిగింపదలచి, దాని చివర విడువవలసిన రక్షణస్థలము 90 మీటర్లు చాలునని అధికారులు ఒప్పుకొనగా, ఆ దేశపు వైమానికుల సంఘము న్యాయస్థానమునకు పోయెను. 2017లో సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయి వారు గెలిచిరి. వారు అడిగినది జీతము కాదు, సెలవు కాదు. కొన్ని మీటర్ల ఖాళీ నేల.

మన నగరమున ఇట్టి దుఃఖము లేదనుకొనరాదు. 2010వ సంవత్సరము మార్చి 3వ తేదీన బేగంపేటలో విమాన ప్రదర్శనము జరుగుచుండగా, నౌకాదళపు సాగర్ పవన్ బృందములోని ఒక విమానము బోయిన్పల్లిలో ఇండ్లనడుమ ఒక భవనముపై కూలెను. కమాండర్ సురేశ్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ అను నిరువురు వైమానికులును మరణించిరి; క్రిందనున్న కొందఱు గాయపడిరి. ఆ ప్రమాదమునకును ఆ భవనము కారణము కాదు. కాని రన్వే చుట్టును ఖాళీ లేక ఇండ్లు క్రిక్కిఱిసినచో, ఆకాశమునుండి పడినది ఎక్కడ పడునో యది మనకు చూపినది.

ఎదురుపక్షపు వాదమును వినవలెను. నగరమున నేల చాలదు. బీదవానికి ఇల్లు కావలెను. ఎత్తు పెరుగక యేమి చేయుదుమని యందురు. నిజమే. నేనును అద్దె యింటిలో నున్నవాడనే. కాని బొత్తిగా కట్టవలదని యెవరనుచున్నారు? రన్వేకు ఎదురుగా ఒక కొలత, ప్రక్కల ఒక కొలత, దూరమున ఒక కొలత యున్నవి. విశాలమైన నగరమున ఎత్తు పెరుగదగిన చోటులు అనేకములు. విమానములు దిగుదారిలోనే పెరుగవలెనను పట్టుదల బీదవానిది కాదు; అచట స్థలము కొనియుంచుకొన్నవానిది. మఱియొకరు, ఇండ్లు ముందు పుట్టినవా విమానాశ్రయము ముందు పుట్టినదా యని యడుగుదురు. ఎవరు ముందైనను, ప్రమాదము వరుస చూడదు. ఇంకొకరు, వైమానికులు ప్రతిదానికిని భయపడుదురందురు. భయపడుటకే వారికి శిక్షణ నిచ్చితిమి. భయమెఱుగని వైమానికుని విమానమున మన బిడ్డలను ఎక్కింతుమా?

ప్రభుత్వము ఊరకున్నదనుట న్యాయము కాదు. అహమ్మదాబాదు దుర్ఘటన జరిగిన వారము లోపలనే, 2025 జూన్ 18వ తేదీన, పౌరవిమానయాన శాఖ విమానాశ్రయముల చెంత హద్దు మీఱిన అడ్డంకులను కొలుచుటకును, తగ్గించుటకును, కూల్చుటకును నియమముల ముసాయిదాను ప్రకటించెను. ఆ శాఖకు అప్పుడు శ్రీకాకుళపు తెలుగువారగు కింజరాపు రామమోహన నాయుడుగారు మంత్రిగా నుండిరి. మంచిపని. కాని కూల్చుట చివరి మందు. నేను కోరునవి దానికంటె చౌక.

మొదటిది: ఎత్తునకు సడలింపు కోరిన ప్రతి పరిశీలనలోను ఆ రన్వేపై విమానములు నడపు వైమానికుల ప్రతినిధి యొకడు కూర్చుండవలెను, ఇంజను చెడిన దినపు లెక్కను గూడ అచట వేయవలెను. ఈ దినమును లెక్కలోనికి తీసికొందుమని అమెరికా విమానయాన శాఖ 2014లో ప్రతిపాదింపగా కట్టడముల వ్యాపారులు ఎదిరించిరి. వారెదిరించుటయే ఆ లెక్క యొక్క విలువను తెలుపుచున్నది. రెండవది: కట్టడము జరుగుచోట అనుమతింపబడిన తుది యెత్తును, నీళ్ల తొట్టియు టవరును కలిపి, తెలుగు ఉర్దూ అక్షరములలో బాటసారికి కనబడునట్లు పలకపై వ్రాసి నిలుపవలెను. ఫ్లాటు కొనువాడు తన యంతస్తు హద్దులోనిదో కాదో తెలిసికొని కొనును. మూడవది: సంతకము చేయుమని కాగితము వచ్చినప్పుడు మావంటి నివాసుల సంఘములు దానిని చదువవలెను, తెలిసినవాడు లేచి మాటలాడిన వినవలెను.

విద్యార్థులారా, మీకును ఒక పని కలదు. మీ గణితపుస్తకమున త్రికోణమితి యను అధ్యాయము కలదు. అది పరీక్షకు మాత్రమే యని మీరనుకొందురు. ఒక కోణమాపకమును, ఒక టేపును తీసికొని మీ వీధిలోని భవనపు ఎత్తును మీరే కొలువగలరు. ఈ సంవత్సరము మా తరగతిలోని బాలురు బడి గోపురపు ఎత్తును ఒకసారి నీడవలనను, మఱియొకసారి కోణమువలనను కొలిచిరి. రెండు లెక్కలకును తేడా ఒక అడుగుకు మించలేదు. కొలువనేర్చిన పౌరుని మోసగించుట కష్టము.

క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెచుట్టును పిట్టగోడ కట్టవలెననియు, లేనిచో అచటనుండి పడినవాని రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చుననియు మోషే ధర్మశాస్త్రమున నొక విధి కలదు. నా చిన్ననాట ఇంత పెద్ద గ్రంథమున ఇంత చిన్న సంగతి యేల వ్రాయబడెనో యని వింతపడితిని. ఇప్పుడు తెలిసినది. ఇల్లు మనదే యైనను, దానివలన పరునికి కలుగు అపాయమునకు మనము బాధ్యులము. నాడు పిట్టగోడ కట్టుట ధర్మమైనట్లే, నేడు రన్వే చెంత కొన్ని యంతస్తులు కట్టకుండుటయు ధర్మమే.

మొన్నటి ఆదివారము సాయంకాలము ఆ వృద్ధుడును నేనును మా మిద్దెపై నిలిచియుంటిమి. ఉత్తరదిక్కున ఒక విమానము తక్కువ యెత్తున పోవుచుండెను. ఆయన చేయి నెత్తి కన్నులకు అడ్డము పెట్టుకొని, అది కనుమఱుగగువఱకు చూచి, “దిగినాడు” అనెను. ఇరువది యేండ్ల క్రిందట నేను విమానములను లెక్కించితిని. ఆయన మనుష్యులను లెక్కించుచున్నాడు. మరల ఎవరైన అభ్యంతరము లేదను కాగితము తెచ్చినచో, ముందుగా ఆయన ప్రశ్నను అడిగి, పిమ్మటనే కలము తీయుదునని నేను నిశ్చయించుకొంటిని.